పాత 0–30 వోల్టుల బెంచ్ సప్లై: నాబ్ ఎటు తిప్పినా 44 వోల్టులే

పీణ్యాబెంచ్ | శనివారం, ఉదయం 10:15

అందరికీ నమస్కారం. 0–30 వోల్టులు, 2 ఆంపియర్ల పాత లీనియర్ బెంచ్ సప్లై (మిగులు వోల్టేజిని ట్రాన్సిస్టర్ల మీద వేడిగా పోగొట్టి, నాబ్‌తో కావాల్సినంత డీసీ ఇచ్చే డబ్బా) ఒకటి బల్ల మీద ఉంది. వోల్టేజి నాబ్ సున్నా దగ్గరున్నా, చివరికి తిప్పినా అవుట్‌పుట్ 44 వోల్టులే. కరెంట్ నాబ్‌కు కూడా స్పందన లేదు. ఫ్యూజు పోలేదు, ఎక్కడా కాలిన వాసన లేదు.

లోపల ఉన్నవి: 0-16-32 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ట్యాప్ (చుట్టలోంచి తీసిన 16 లేదా 32 వోల్టుల వైరు) మార్చే 12 వోల్టుల రిలే (15 వోల్టుల దగ్గర మారేది), ఏసీని డీసీ చేసే 10 ఆంపియర్ల బ్రిడ్జి, 4700 మైక్రోఫారడ్ 63 వోల్టుల కండెన్సర్, పక్కపక్కన అవుట్‌పుట్ కరెంటు మోసే రెండు 2ఎన్3055 పాస్ ట్రాన్సిస్టర్లు, ఒక్కోదాని ఎమిటర్‌లో 0.22 ఓమ్, వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్‌గా బీడీ139, రెండు 741 ఆప్-ఆంప్ ఐసీలు, వాటికి ప్లస్ 12, మైనస్ 12 వోల్టులిచ్చే రెగ్యులేటర్లు 7812, 7912, రిఫరెన్స్‌కు 6.2 వోల్టుల జీనర్, వోల్టేజికి పది చుట్ల 10 కిలో ఓమ్ పాట్ (నాబ్‌తో విలువ మారే రెసిస్టర్). సర్క్యూట్ డయాగ్రమ్ లేదు.

అవుట్‌పుట్ మైనస్ టెర్మినల్ దగ్గర నల్ల ప్రోబ్ పెట్టి చూస్తే 741 ఏడో పిన్ను మీద 56 వోల్టులు చూపిస్తోంది. ఐసీ అంత తట్టుకోదు కదా. 7812 పోయిందంటారా?

రాగితీగ | శనివారం, ఉదయం 10:52

7812 బాగానే ఉంది తమ్ముడూ, నల్ల ప్రోబ్ తప్పుచోట పెట్టావు.

ఈ తరహా సప్లైల్లో కంట్రోల్ బోర్డుకు సున్నా అనేది అవుట్‌పుట్ ప్లస్ టెర్మినల్. 741లకు వచ్చే ప్లస్ 12, మైనస్ 12 రెండూ ఆ టెర్మినల్ మీద కూర్చుని తేలుతుంటాయి. నువ్వు మైనస్ నుంచి కొలిచావు కాబట్టి 44కు 12 కలిసి 56 వచ్చింది. అదే లెక్కన నాలుగో పిన్ను మీద 32 రావాలి.

నల్ల ప్రోబ్ ప్లస్ టెర్మినల్‌కు మార్చి ఇవి రాయి: రెండు ఐసీల 7, 4, 6 పిన్నులు, జీనర్ మీద వోల్టేజి, బీడీ139 బేసు.

వీటిలో ముఖ్యమైనది వోల్టేజిని చూసుకునే 741 ఆరో పిన్ను, అంటే దాని అవుట్‌పుట్. 44 వోల్టులు ఉన్నప్పుడు అది మైనస్ 10 దగ్గర ఉంటే, ఐసీ "తగ్గించు" అని గట్టిగా లాగుతోంది, కింద ఉన్నవాళ్లు వినడం లేదు. అంటే తప్పు డ్రైవర్‌లోనో పాస్ ట్రాన్సిస్టర్లలోనో ఉంది. ప్లస్ 10 దగ్గర ఉంటే ఐసీయే పెంచమంటోంది. అప్పుడు పాట్, రిఫరెన్స్, ఐసీ చూడాలి. ఈ ఒక్క కొలతతో సగం బోర్డు వదిలేయొచ్చు.

కొత్తసోల్డర్ | శనివారం, ఉదయం 11:20

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఇలాంటిది మొదటిసారి తెరిచేవాళ్లు కరెంటు ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

మైకావాషర్ | శనివారం, ఉదయం 11:41

సిరీస్ బోర్డు కట్టుకోండి. ఫేజ్ వైరులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెడితే చాలు. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ తక్కువ, వేడెక్కితే ఎక్కువ అయ్యే ఫిలమెంటే కావాలి. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారితే సరే. అలాగే వెలుగుతూ ఉంటే బ్రిడ్జి, కండెన్సర్, ట్రాన్స్‌ఫార్మర్లలో ఏదో షార్ట్. ఎర్త్ వైరు మాత్రం ఎప్పుడూ తీయకండి. బల్బు ఉన్నంతసేపు లోడు టెస్టు చేయకండి, వోల్టేజి పడిపోయి అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

ఆపాక 470 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను కండెన్సర్ కాళ్ల మీద 15 సెకండ్లు పట్టుకుని, మీటరుతో సున్నా అయిందని చూసుకున్నాకే చేయి పెట్టండి. 4700 మైక్రోఫారడ్‌కు 470 ఓమ్ అంటే టైమ్ కాన్‌స్టంట్ సుమారు 2.2 సెకండ్లు, అయిదు రెట్లంటే 11 సెకండ్లు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం వద్దు. కండెన్సర్ లోపలి జాయింట్లు దెబ్బతింటాయి, లోహపు తునక కంట్లోకి ఎగరొచ్చు.

పీణ్యాబెంచ్ | శనివారం, మధ్యాహ్నం 12:30

రాగితీగ అన్నా, ప్లస్ టెర్మినల్ నుంచి కొలతలు ఇవి:

ఏడో పిన్ను 12.0, నాలుగో పిన్ను మైనస్ 11.9 (రెండు ఐసీలకూ అంతే)
వోల్టేజి ఐసీ ఆరో పిన్ను: మైనస్ 10.4
జీనర్: 6.21
బీడీ139 బేసు: మైనస్ 0.6

రాగితీగ | శనివారం, మధ్యాహ్నం 12:44

బేసు మైనస్ 0.6 అంటే డ్రైవర్ పూర్తిగా ఆఫ్‌లో ఉంది. అయినా 44 వస్తోందంటే 2ఎన్3055ల్లో ఏదో ఒకటి కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు షార్ట్. కంట్రోల్ బోర్డు జోలికి పోవద్దు.

రెండూ ప్యారలల్‌లో ఉన్నాయి కాబట్టి, ఒకటి షార్ట్ అయితే మీటరుకు రెండూ షార్ట్ అయినట్టే కనిపిస్తాయి. ముందు రెండు 0.22 ఓమ్ రెసిస్టర్ల ఒక్కో కాలు లేపు. ఆపైన ట్రాన్సిస్టర్లను బయటికి తీసి డయోడ్ రేంజ్‌లో చూడు. లోహపు ఒళ్లే కలెక్టర్. ఎర్ర ప్రోబ్ బేసుకు పెడితే మిగతా రెండింటికీ 0.5 నుంచి 0.65 మధ్య రావాలి, ఎమిటర్ వైపు అంకె కాస్త ఎక్కువ. కలెక్టర్-ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా ఓపెన్ రావాలి. బోర్డులో ఉండగా చూడకు, బేసు-ఎమిటర్ మధ్య ఉన్న 100 ఓమ్ రెసిస్టర్ అంకెల్ని పాడుచేస్తుంది.

పీణ్యాబెంచ్ | శనివారం, సాయంత్రం 4:05

మొదటిది కలెక్టర్-ఎమిటర్ 0.3 ఓమ్, రెండువైపులా. రెండోది బాగుంది. బీడీ139 కూడా బాగుంది. 0.22 ఓమ్ రెసిస్టర్లు రెండూ సరిగ్గానే ఉన్నాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి ఒక్కటే తెస్తే సరిపోతుందా?

రిచీవీధి | శనివారం, సాయంత్రం 4:30

రెండూ మార్చండి, ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్‌వి. పాతదాని గెయిన్ (బేసు కరెంటును ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె) ఒకలా, కొత్తదానిది ఇంకోలా ఉంటే కరెంటు సమంగా పంచుకోవు. 2 ఆంపియర్లకు ఒక్కో 0.22 ఓమ్ మీద పడేది 0.22 వోల్టే, పెద్ద తేడాను అది సరిదిద్దలేదు.

నకిలీల సంగతి చెన్నైలో మా రిచీ స్ట్రీట్‌లో ఎంతో, మీ ఎస్పీ రోడ్డులోనూ అంతే. పైన 2ఎన్3055 అనే ఉంటుంది, లోపల చిప్ గోరుముక్కలో సగం ఉంటుంది. అసలుది 60 వోల్టులు, 15 ఆంపియర్లు, 115 వాట్లు. డయోడ్ టెస్టులో రెండూ ఒకేలా పాసవుతాయి. హీట్‌సింక్‌కు బిగించి 20 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 40 వాట్లు పది నిమిషాలు మోయించండి. చిన్న చిప్ ఉన్నది ఆ లోపే షార్ట్ అవుతుంది. దుకాణంలో ఈ టెస్టు కుదరదు కాబట్టి రెండు అదనంగా తెచ్చుకోండి.

బేస్ఎమిటర్ | శనివారం, సాయంత్రం 4:48

2ఎన్3773 వేస్తే నయం కదా? 140 వోల్టులు, 16 ఆంపియర్లు, 150 వాట్లు. కాళ్లూ ప్యాకేజీ అవే.

రాగితీగ | శనివారం, సాయంత్రం 5:10

వేయొచ్చు. రా వోల్టేజి (రెగ్యులేట్ కాకముందు ఫిల్టర్ కండెన్సర్ మీద ఉండేది) 44 ఉన్నచోట 60 వోల్టుల డివైసు కన్నా 140 వోల్టులది నిశ్చింత. గెయిన్ కాస్త తక్కువ, డ్రైవర్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. ఒక్కోదానికి 1 ఆంపియర్, గెయిన్ 30 అనుకుంటే రెండింటికీ కలిపి 67 మిల్లీ ఆంపియర్లు. 44 వోల్టుల తేడా దగ్గర బీడీ139 మీద దాదాపు 3 వాట్లు. చిన్న హీట్‌సింక్ రేకు తప్పనిసరి. వేశాక అవుట్‌పుట్‌ను ఆసిలోస్కోప్‌లో చూసి లూప్ ఆసిలేట్ కావడం (అవుట్‌పుట్ తనంతట తానే ఊగడం) లేదని నిర్ధారించుకోవాలి. స్కోప్ లేకపోతే 2ఎన్3055లతోనే వెళ్లు.

మైకావాషర్ | శనివారం, సాయంత్రం 5:35

బిగించేటప్పుడు నాలుగు మాటలు. పాత మైకా (ట్రాన్సిస్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య కరెంటును ఆపే పలచని రేకు) మళ్లీ వాడకండి, కంటికి కనిపించని చీలికలుంటాయి. హీట్‌సింక్ రంధ్రాల అంచులు వేలితో తడమండి. గరుకు తగిలితే పెద్ద డ్రిల్ బిట్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పి నున్న చేయండి. ఆ చిన్న ముల్లే మైకాను గుచ్చుతుంది. ఎండి సున్నంలా అయిన పాత పేస్టు స్పిరిట్‌తో పూర్తిగా తుడవండి. కొత్త పేస్టు మైకాకు రెండువైపులా, అడుగున అక్షరాలుంటే చదవగలిగేంత పలచగా రాయండి. స్క్రూలకు ప్లాస్టిక్ బుష్‌లు మరవకండి.

బిగించాక ట్రాన్సిస్టర్ ఒంటికీ హీట్‌సింక్‌కూ మధ్య మీటరు ఓపెన్ చూపాలి. ఇక్కడ లీకైతే ఫ్యూజు పోదు, సప్లై మామూలుగానే పనిచేస్తుంది, ఎందుకంటే అవుట్‌పుట్ ఎర్త్‌కు తేలుతూ ఉంది. కానీ రా ప్లస్ ఎర్త్‌కు కలిసిపోయి ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు ఎర్త్ ఉన్న స్కోప్ క్లిప్‌ను మైనస్ టెర్మినల్‌కు తగిలించగానే 44 వోల్టులు క్లిప్ గుండా షార్ట్ అవుతాయి. అందుకే ఈ కొలత వదలొద్దు.

పీణ్యాబెంచ్ | ఆదివారం, ఉదయం 11:00

రెండు కొత్త 2ఎన్3055లు, 40 వాట్ల టెస్టు పాసైనవే, బిగించాను. ఒంటికీ హీట్‌సింక్‌కూ మధ్య ఓపెన్. సిరీస్ బల్బుతో ఆన్ చేస్తే అవుట్‌పుట్ 0 నుంచి 30 దాకా వస్తోంది. 15 దగ్గర రిలే క్లిక్ వినిపిస్తోంది.

రెండు సమస్యలు మిగిలాయి. నాబ్ తిప్పుతుంటే 11 దగ్గర, 18 దగ్గర ఒక్క క్షణం 40 పైకి దూకి మళ్లీ దిగుతోంది. బల్బు తీసేసి 30 వోల్టుల దగ్గర 15 ఓమ్ 100 వాట్ల వైర్‌వౌండ్ లోడు పెడితే 28.6కి పడిపోతోంది, ఏసీ రేంజ్‌లో వోల్టు పైగా చూపిస్తోంది.

రాగితీగ | ఆదివారం, ఉదయం 11:25

దూకేది పాట్. పది చుట్ల వైర్‌వౌండ్‌లో వైపర్ (తీగ మీద జరిగే కాంటాక్ట్) తీగ మీద నుంచి లేచిన క్షణంలో ఓపెన్ అవుతుంది. నీ సర్క్యూట్‌లో 6.2 వోల్టుల రిఫరెన్స్ నుంచి సుమారు 3 మిల్లీ ఆంపియర్లు పాట్ గుండా పారుతుంది. 10 కిలో ఓమ్ మీద 3 మిల్లీ ఆంపియర్లంటే 30 వోల్టులు. పాట్ ఎంత ఓమ్ అయితే అవుట్‌పుట్ అంత. ఓపెన్ అంటే లెక్కకు అంతులేని ఓమ్, కాబట్టి అందినంతా బయటికి వదులుతుంది.

కాంటాక్ట్ క్లీనర్‌తో కొన్నాళ్లు నడుస్తుంది. మార్చడమే మంచిది. మార్చేటప్పుడు ఒక పని తప్పకుండా చెయ్యి: వాడని మూడో కాలిని వైపర్ కాలికి తీగతో కలుపు. వైపర్ లేచినా మొత్తం 10 కిలో ఓమ్ సర్క్యూట్‌లో ఉంటుంది, అవుట్‌పుట్ 30 దాటదు. అయిదు వోల్టుల బోర్డుకు 30 కూడా చావే, అయినా వైపర్ లేచినప్పుడు వచ్చే 44 కన్నా మేలు. కొత్త పాట్ పెట్టాక రిఫరెన్స్ దారిలో ఉన్న 500 ఓమ్ ప్రీసెట్‌తో చివరి చుట్టు దగ్గర 30.0 సరిచేసుకో.

నూరుహెర్ట్జ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

రెండోది ఫిల్టర్ కండెన్సర్. తీసి కొలవండి, సగానికి దిగి ఉంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. మన 50 హెర్ట్జ్ బ్రిడ్జి తర్వాత 100 అవుతుంది. 2 ఆంపియర్లను 100తోనూ, 4700 మైక్రోఫారడ్‌తోనూ భాగిస్తే రిపుల్, అంటే కండెన్సర్ మీద వోల్టేజి ఊపు, పైనుంచి కిందికి 4.3 వోల్టులు. లోడులో ట్రాన్స్‌ఫార్మర్ కాస్త కుంగి శిఖరం 40 అనుకుంటే లోయ 35.7. డ్రైవర్, పాస్ ట్రాన్సిస్టర్, సెన్స్ రెసిస్టర్ కలిపి 3 వోల్టుల పైన తింటాయి. అయినా 32 మిగులుతుంది, 30 నిలబడుతుంది. అదే కండెన్సర్ 2000కు దిగితే రిపుల్ 10, లోయ 30. ప్రతి లోయలోనూ రెగ్యులేషన్ చేయి వదిలేస్తుంది. ఏసీ రేంజ్‌లో మీరు చూస్తున్న ఆ వోల్టు, అంటే హమ్, అదే. నాబ్ 24 దగ్గర పెడితే హమ్ మాయమైతే నా మాట నిజమైనట్టు.

బేస్ఎమిటర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:32

అంత పాతదైతే ఎలక్ట్రోలిటిక్‌లన్నీ మార్చేయడమే. 10000 మైక్రోఫారడ్ వేస్తే హమ్ పూర్తిగా పోతుంది.

నూరుహెర్ట్జ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:50

10000 వద్దండీ. రిలే 16 ట్యాప్ నుంచి 32కు మారిన ప్రతిసారీ కండెన్సర్ 21 వోల్టుల నుంచి 44కు నిండాలి. ఆ దూకుడంతా బ్రిడ్జి, రిలే కాంటాక్ట్ మోయాలి. కండెన్సర్ రెట్టింపైతే ఆ దెబ్బా ఎక్కువే. 4700 లేదా 6800, 63 వోల్టులు, 105 డిగ్రీలది చాలు. మిగతావి కొలిచి, పోయినవి మాత్రమే మార్చండి. ఒకేసారి ఇరవై మారిస్తే, అందులో ఒకటి తిరగేసి పెడితే కొత్త తప్పును వెతకాల్సి వస్తుంది.

పీణ్యాబెంచ్ | సోమవారం, రాత్రి 8:40

కండెన్సర్ 1900 చూపించింది. కొత్త 4700 వేశాక 30 వోల్టులు, 2 ఆంపియర్లకు 29.98. ఏసీ రేంజ్‌లో 2 మిల్లీవోల్టులు. పాట్ కూడా మార్చి మూడో కాలు కలిపాను, దూకడం లేదు.

ఒక సందేహం. 5 వోల్టులు, 2 ఆంపియర్ల దగ్గర పది నిమిషాలు ఉంచితే హీట్‌సింక్ మీద వేలు అరసెకండు కూడా ఆగడం లేదు. 30 వోల్టుల దగ్గర అదే 2 ఆంపియర్లకు గోరువెచ్చగా ఉంది. లీనియర్‌కు ఇది మామూలేనా?

రాగితీగ | సోమవారం, రాత్రి 9:02

ఆపెయ్యి. లోడు తీసేసి, నాబ్ 5 వోల్టుల దగ్గరే ఉంచి, ఫిల్టర్ కండెన్సర్ మీద ఎంతుందో కొలిచి చెప్పు.

పీణ్యాబెంచ్ | సోమవారం, రాత్రి 9:11

43.8. రిలే మాత్రం 15 దగ్గర క్లిక్ అంటూనే ఉంది అన్నా.

రాగితీగ | సోమవారం, రాత్రి 9:40

క్లిక్‌ను నమ్మకూడదు. అది ఆర్మేచర్ కదిలిన చప్పుడు, కాంటాక్ట్ విడిపోయిందని కాదు. 5 వోల్టుల దగ్గర రిలే ఆఫ్‌లో ఉండి 16 ట్యాప్ రావాలి, కండెన్సర్ మీద 21 ఉండాలి. 43.8 ఉందంటే 32 ట్యాప్ కాంటాక్ట్ అతుక్కుపోయింది. నీ మొదటి 2ఎన్3055ను చంపింది ఇదే. ఇలాగే వదిలేస్తే కొత్తవీ అదే దారి పడతాయి.

హీట్‌సింక్ వాటుకు 1 డిగ్రీ, ట్రాన్సిస్టర్ లోపలి నుంచి మైకాతో కలిపి హీట్‌సింక్ దాకా వాటుకు 2 డిగ్రీలు, గది 30 డిగ్రీలు అనుకుని చూడు. రిలే సరిగ్గా ఉంటే లోడులో రా సుమారు 19. అందులో 5 పోతే 14, రెండు ఆంపియర్లకు 28 వాట్లు. హీట్‌సింక్ 58 డిగ్రీలు, ఆ వాట్లను రెండు ట్రాన్సిస్టర్లూ సగం సగం మోస్తాయి కాబట్టి చిప్ 86. అతుక్కుంటే రా 40, తేడా 35, అంటే 70 వాట్లు. హీట్‌సింక్ 100, చిప్ 170. 2ఎన్3055 చిప్ హద్దు 200. దానికి తోడు పాత పేస్టు ఎండిపోయి, రెండింటిలో ఒకటి ఎక్కువ మోస్తుంటే ఆ 30 డిగ్రీల మిగులు ఎక్కడా ఉండదు. అవుట్‌పుట్ షార్ట్ చేస్తే ఇంకా ఘోరం.

రిచీవీధి | సోమవారం, రాత్రి 9:58

రిలేను బోర్డులో ఉండగా ఓమ్ మీటరుతో చూసి మోసపోకండి. 16, 32 ట్యాపులు ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట గుండా ఎలాగూ కలిసే ఉంటాయి, ఆ చుట్ట రెసిస్టెన్స్ ఓమ్ లోపే. కాంటాక్ట్ విడిగా ఉన్నా మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. 32 వైరు సోల్డర్ తీసి అప్పుడు కొలవండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే ఒక్కోసారి విడిపోతుంది, అయినా ఆ రిలే వాడొద్దు. గుంట పడిన కాంటాక్ట్ మళ్లీ అతుక్కుంటుంది.

పీణ్యాబెంచ్ | మంగళవారం, సాయంత్రం 7:20

వైరు తీసి కొలిచాను. కాయిల్‌కు కరెంటు లేకపోయినా 32 కాంటాక్ట్ 0.1 ఓమ్. కవరు కోసి చూస్తే ఒక బిళ్ల మీద గుంట, రెండో బిళ్ల మీద దానికి సరిపోయే గుబ్బ, చుట్టూ నల్లటి మసి. ఒక్క నలుసంత చోట రెండూ కరిగి కలిసిపోయాయి. 12 వోల్టుల కాయిల్, 10 ఆంపియర్ల కాంటాక్ట్ ఉన్న కొత్త రిలే తెచ్చాను. ఇది పెట్టేస్తే అయిపోయినట్టేనా?

నూరుహెర్ట్జ్ | మంగళవారం, రాత్రి 7:45

ఇంకొక్క అడుగు. రిలే ఊరికే అతుక్కోదు. కొత్తది పెట్టాక లోడు 1 ఆంపియర్ ఇచ్చి నాబ్‌ను 15 చుట్టుపక్కల నెమ్మదిగా తిప్పండి. రిలే గరగరమని కొట్టుకుంటే, దాన్ని నడిపే కంపారేటర్‌లో (వోల్టేజిని పోల్చి చూసే సర్క్యూట్) హిస్టెరిసిస్ లేదు, అంటే పడే, విడిచే వోల్టేజిల మధ్య తేడా లేదు. పైకి వెళ్లేటప్పుడు 15.5 దగ్గర పడి, దిగేటప్పుడు 14.5 దగ్గర విడవాలి. ఆ ఒక వోల్టు తేడా ఇచ్చేది కంపారేటర్ అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు వెళ్లే పెద్ద విలువ రెసిస్టర్. అలాంటి పాత కార్బన్ రెసిస్టర్లు ఓపెన్ అవుతుంటాయి. కాయిల్ మీద డయోడ్ కూడా చూడండి.

పీణ్యాబెంచ్ | బుధవారం, రాత్రి 9:15

కొట్టుకుంది, మీరు చెప్పినట్టే. 14.9 నుంచి 15.1 మధ్య ఆగకుండా గరగర. రెసిస్టర్ మీద రంగులు 470 కిలో ఓమ్ చెబుతున్నాయి, మీటరు ఓపెన్ అంటోంది. పైకి చూస్తే ఏ మచ్చా లేదు. మెటల్ ఫిల్మ్‌ది వేశాను. ఇప్పుడు 15.4కి ఒక క్లిక్, 14.4కి ఒక క్లిక్, మధ్యలో నిశ్శబ్దం.

5 వోల్టుల దగ్గర లోడు లేకుండా కండెన్సర్ మీద 21.3. 2 ఆంపియర్లతో అరగంట నడిపాక హీట్‌సింక్ 57 డిగ్రీలు. అవుట్‌పుట్ షార్ట్ చేస్తే 2.02 ఆంపియర్ల దగ్గర ఆగింది. నాబ్ సున్నా దగ్గర పెడితే, వేడిగా ఉండగా అవుట్‌పుట్ 3 మిల్లీవోల్టులు.

రాగితీగ | బుధవారం, రాత్రి 9:33

మూత వేసేముందు రెండు డయోడ్లు ఉన్నాయా చూడు, లేకపోతే వెయ్యి. 1ఎన్5408 సరిపోతుంది. ఒకటి అవుట్‌పుట్ మీద, గీత ఉన్న కాలు ప్లస్‌కు. మోటారు, రిలే కాయిల్ వంటివి తీసేటప్పుడు వచ్చే రివర్స్ దెబ్బను అది తీసుకుంటుంది. రెండోది పాస్ ట్రాన్సిస్టర్ మీద, గీత ఉన్న కాలు కలెక్టర్ వైపు, రెండో కాలు అవుట్‌పుట్ ప్లస్‌కు. సప్లై ఆఫ్‌లో ఉండగా ఎవరైనా బ్యాటరీ తగిలిస్తే ఆ కరెంటు ట్రాన్సిస్టర్లను వదిలి ఈ డయోడ్ గుండా ఫిల్టర్ కండెన్సర్‌కు పోతుంది.

పీణ్యాబెంచ్ | గురువారం, ఉదయం 8:05

అవుట్‌పుట్ మీదిది ఉంది, ట్రాన్సిస్టర్ మీదిది లేదు. వేశాను. ఫ్యూజు హోల్డర్‌లో 3 ఆంపియర్లది ఉంది, ఈ సప్లైకి అది మరీ పెద్దది, అందుకే అదీ తీసి 1 ఆంపియర్ స్లో బ్లో పెట్టాను. పదిసార్లు ఆన్ ఆఫ్ చేసినా నిలబడింది.